ఉసిరి చెట్టు కింద వనభోజనం

మొగలివలసలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, గవర్రాజు, పోలినాయుడు, సన్యాసి, అన్నదమ్ములు ముగ్గురూ ఒక్కసారే "మా ఇంట్లో" అనేవారు. అది బయటికి పోకుండా తలుపు గడియ కూడా వేసుకునేవారు.

వాళ్ళను పెంచింది పిన్ని పైడమ్మ. ఆమె పెరట్లోని ఉసిరి చెట్టు కింద ఏటా కార్తీకంలో వీధి వీధంతా వనభోజనం చేసేది. ఆ చెట్టు తుఫానుకు కూలింది. దాని గింజ మొలిచిన మొక్క ఒక్కటే మిగిలింది, జానెడు. కూతురి పురిటికి వెళ్తూ పైడమ్మ దాన్ని పెరట్లో నాటి, ముగ్గుర్నీ పిలిచింది.

"రోడ్డు పక్కన ఎక్కడినుంచో తెచ్చి వేసిన చెట్లు చూశారుగా? పచ్చగానే ఉంటాయి, ఒక్క పిట్టా గూడు కట్టదు. ఇది మన మట్టిలో పుట్టింది. దీనికి తేనెటీగలొస్తాయి, చిలకలొస్తాయి, మనకి పచ్చడొస్తుంది. ఇది పోయిందో, ఊళ్ళో ఉసిరి అన్నదే ఉండదు. చంటిబిడ్డలా చూసుకోండి."

"ఎందుకు చూసుకోం పిన్నీ? తెలివున్నవాళ్ళం!"

అంతే. పిన్ని బస్సెక్కగానే మొక్కకి నలుగు పెట్టి నీళ్ళు పోశారు. ఆకులకి కాటుక దిద్దారు. సాంబ్రాణి వేస్తే సగం ఆకులు మాడాయి. సన్యాసి ఆముదం గిన్నెతో వచ్చి, "దీనికి నోరెక్కడరా?" అని వెతుకుతుంటే, పొరుగింటి సూరమ్మత్త గోడమీంచి చూసి గుండె బాదుకుంది.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! మొక్కకి ఆముదమేమిట్రా? ముందు దాన్ని మేకల కంట పడనీయకండి. ఉన్న నాలుగాకులూ పోతాయి!"

ఇంకేముంది! ఊళ్ళో మేకలన్నిటికీ కళ్ళకు గంతలు కట్టారు. ఒక మేక సూరమ్మత్త వంటింట్లో దూరింది. ఇంకొకటి బడికెళ్ళి పంతులుగారి కుర్చీ ఎక్కింది. మిగతావి తోవ కనబడక, వాసన పట్టుకుని తిన్నగా ఉసిరి మొక్క దగ్గరికే వచ్చాయి. రెండాకులు మిగిలాయి.

"చూశారా, గంతలు లేకపోతే ఆ రెండూ తినేసేవి," అన్నాడు గవర్రాజు.

కార్తీకం వచ్చింది. పిన్ని వచ్చే రోజూ వచ్చింది.

"వనభోజనం ఉసిరి కిందే చెయ్యాలి. కింద అంటే కిందే," అన్నాడు పోలినాయుడు. మొక్క పక్కన వెల్లకిలా పడుకుని చూశారు. నీడ ముక్కుకి కూడా చాలలేదు.

"అది పైకి పోనప్పుడు మనమే కిందికి పోవాలి," అన్నాడు గవర్రాజు.

ఆ తెలివికి తమ్ముళ్ళిద్దరూ ముక్కున వేలేసుకున్నారు. అంతే. గునపాలు తెచ్చి, పక్కనుంచి మొదలుపెట్టి మొక్క కిందిదాకా గొయ్యి తవ్వేశారు. అందులో విస్తళ్ళు వేసుకున్నారు.

పైడమ్మ వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పెరట్లో నేలలోంచి మాటలు వినబడ్డాయి.

"ఒరే, చారు ఇటు పొయ్యరా."

"పిన్నీ, వచ్చావా? దిగు, నీడ చల్లగా ఉంది! కొమ్మలకే కాస్త మట్టి అంటింది."

అవి కొమ్మలు కావు, వేళ్ళు. గాలిలో వేలాడుతున్నాయి.

"ఓరి నాయనో! వేళ్ళు ఎండితే బతకదురా! గొయ్యి పూడ్చండి, క్షణం ఆగకండి!"

పిన్ని మాట వాళ్ళెప్పుడూ జవదాటలేదు. పైకి రావడానికి కూడా ఆగలేదు. గోతిలో నిలబడే, గట్టుమీది మట్టిని రెండు చేతులా లోపలికి లాగేసుకున్నారు. మొక్క నిలబడింది. దాని చుట్టూ మూడు తలకాయలు నిలబడ్డాయి.

పైడమ్మ బిందె తెచ్చి మొక్క మొదట్లో నీళ్ళు పోసింది. వంగి చూస్తే రెండాకుల మధ్య గోరంత చిగురు కనబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పిన్నీ," అన్నాడు గవర్రాజు నేలమీంచి, "మాకూ కాసిని పొయ్యవూ? మేమూ ఈ మట్టిలో పుట్టినవాళ్ళమే. మేకలొస్తే మాత్రం గంతలు కట్టు."