బలి కోరని పోలేరమ్మ

జాతీయ రహదారిపై ముక్కెరపాడు వంతెన దిగగానే, ఎడమవైపు సర్వీసు రోడ్డును ఆనుకుని పోలేరమ్మ గుడి ఉంది. ఆర్టీసీ బస్సులు గుడి ఎదుటే ఆగుతాయి. గోపురం లేదు, చిన్న మండపం, అడుగున్నర రాతి విగ్రహం. ఆదివారాల్లో నాలుగైదు వందల మంది వస్తారు. వారిలో సగానికి పైగా తాపీ పనివారు, క్రేన్ నడిపేవారు, తవ్వకం కూలీలు. మనిషి ప్రాణం అడగదని ఈ తల్లిని బలి కోరని పోలేరమ్మ అంటారు. ఆ పేరును ఒక ఇల్లాలు పోరాడి సాధించింది.

పూర్వం ఇక్కడ వంతెన లేదు, వాగు మాత్రమే ఉండేది. రహదారి కంపెనీ స్తంభాల కోసం గోతులు తవ్వి, కంచె వేయకుండా వదిలేసింది. వానకు గోతులు నిండి నేలతో సమంగా కనిపించాయి. గొర్రెలను తోలుకొస్తున్న సింగరయ్య ఒక గోతిలో పడి మరణించాడు.

కంపెనీ మేనేజరు పూజారి అంకయ్యను కలిసి, "పెద్ద వంతెన కదా, అమ్మవారు బలి తీసుకుంది" అన్నాడు. శాంతి చేయమని పొట్టేలును ఇచ్చాడు. అంకయ్య నమ్మాడు. ఊరూ నమ్మింది. సింగరయ్య భార్య ఓబులమ్మ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయగా, కంపెనీ అదే మాట జవాబుగా పంపి అంకయ్యను సాక్షిగా చూపింది. ఆ మాట నిలిస్తే ఏ గోతికీ కంచె రాదు.

అప్పుడు అమ్మవారు ఓబులమ్మకు కలలో కనిపించి, "నేను తినని కూటికి నా మూతి తుడుస్తున్నారే!" అని వాపోయింది. తెల్లవారగానే ఓబులమ్మ అంకయ్య ఇంటి ముందు నిలబడింది.

"మామా, జాతరలో పొట్టేలు మీద నీళ్లెందుకు చల్లుతావు?"

"తెలియనట్టు అడుగుతావేమే? అది ఒళ్లు విదిలిస్తేనే అమ్మ ఒప్పుకున్నట్టు."

"విదిలించకపోతే?"

"కత్తి ఎత్తను."

"గొర్రెనే అంత అడిగి తీసుకునే తల్లి, నా మొగుణ్ణి అడక్కుండా మింగిందా? కంపెనీ పొట్టేలు కూర బాగా కుదిరినట్టుందే!"

అంకయ్య తల దించుకున్నాడు. విచారణ రోజున కమిషన్ ఎదుట నిలిచి, "అయ్యా, మా తల్లి ఎవర్నీ తీసుకోలేదు. కంచె లేని గొయ్యి తీసుకుంది" అని చెప్పాడు. కమిషన్ అధికారులు వచ్చి గోతులు చూశారు. ఇది దైవఘటన కాదు, కంపెనీ నిర్లక్ష్యమేనని తేల్చారు. ఓబులమ్మకు పరిహారం ఇవ్వాలని, ప్రతి గోతికీ కంచె వేయాలని ఆదేశించారు.

"సామాను రావడానికి పది రోజులు పడుతుంది" అన్నాడు మేనేజరు.

"పది రోజులూ గొయ్యి నోరు మూసుకుంటుందా బాబూ?" అంటూ అంకయ్య గుడిలోకి వెళ్లాడు. అమ్మవారికి భక్తులు పెట్టిన చీరలన్నీ తెచ్చాడు. ఓబులమ్మ వాటిని కొంగుకు కొంగు ముడివేసింది. ఒక్కో గోతికి ఏడెనిమిది చీరలు పట్టాయి. మొదటి చుట్టు సింగరయ్య పడిన గోతికే కట్టారు.

నేటికీ ఈ గుడిలో చీరలను వేలం వేయరు. చుట్టుపక్కల ఎక్కడ గొయ్యి తవ్వినా ఇక్కడి నుంచే చీరలు వెళతాయి. అవి కట్టేవరకు కూలీలు దిగరు, ఏ మేనేజరూ దిగమనడు. భక్తులు దూరానికి కనబడే ఎరుపు, పసుపు చీరలు తేవడం మేలు. మీ చీర ఏ గోతి చుట్టూ ఉందో మీకు తెలియదు. దాన్ని చూసి పక్కకు తప్పుకుని, క్షేమంగా ఇల్లు చేరిన మనిషికి మీ పేరు తెలియదు. ఆ పుణ్యం మాత్రం మీదే.