ఖాళీ వరుస

కూర్మనాథం గారు కంప్యూటర్ రికార్డుని పేజర్ అనే చదివే సాధనంలో తెరిచారంటే తెరకి పురుగులు పట్టినట్టుండేది. ఎటు చూసినా బ్రాకెట్లూ అంకెలూ. ఫలానా చోట ఫలానా రంగు వేయమని ప్రోగ్రాం పంపే గుర్తులవి. ఆయన వాటిని రంగులుగా మారనిచ్చేవారు కాదు, అలాగే చదివేవారు. ఊరి నీటి సరఫరా కంట్రోల్ రూంలో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నీలవేణికి అది చూస్తే తల తిరిగిపోయేది.

"డాష్ ఆర్ అని ఒక్క ఆప్షన్ పెడితే ఈ చెత్తంతా రంగులైపోతుంది కదా సార్. ఎందుకండీ ఈ అవస్థ?" అని ఒకనాటి మధ్యాహ్నం అడిగేసింది.

 ఆయన కుర్చీ లాక్కుని ఆమె తెర ముందు కూర్చున్నారు.

ఆ రోజు కొండ మీది పెద్ద ట్యాంకు కడిగారు. రికార్డు చూసి నీలవేణి సరేనంటే వాల్వు తిప్పి అందులోకి నీళ్ళు వదులుతారు. ఆమె నల్లటి తెర మీద రికార్డు ముచ్చటగా ఉంది, పైనుంచి కిందిదాకా పచ్చటి అక్షరాలే. చివర్లో మాత్రం ఒక వరుస ఖాళీ.

ఫోన్లో వాల్వు మనిషి సింహాద్రి అడిగాడు. "అమ్మా, తిప్పీమంటారా?"

"ఇక్కడేముంది?" అన్నారు కూర్మనాథం గారు, ఆ వరుస మీద వేలు పెట్టి.

"ఏమీ లేదండి. ఖాళీ."

ఆయన ఆప్షన్ తీసేశారు. చెత్త మళ్ళీ తెర మీదికొచ్చింది. ఖాళీ ఉన్నచోట, గుర్తుల మధ్య, ఒక మాట బయటపడింది: లోపల మనిషి ఉన్నాడు.

ట్యాంకులోకి దిగినవాళ్ళనీ పైకొచ్చినవాళ్ళనీ గమనించే యంత్రం రాసిన వరుస అది. ఆ ప్రోగ్రాం రాసిన కాలంలో ఇక్కడి తెరలు తెల్లవి. అన్నిటికన్నా పెద్ద హెచ్చరికకి అప్పట్లో నలుపు రంగు ఇచ్చారు; ఇప్పటి నల్లటి తెర మీద అది కనబడదు.

 "తిప్పొద్దు సింహాద్రీ. లోపలెవరున్నారో చూడు," అంది నీలవేణి.

"ఎవులూ నేరమ్మా. అందరం బయటికొచ్చీసినాం."

"అయినా చూడు."

సింహాద్రి విసుక్కుంటూ ఇనుప తలుపు మీద తట్టాడు. ఆ చప్పుడు ఫోన్లో వినబడింది. కాసేపటికి లోపలినుంచి, మెల్లగా, ఇంకో చప్పుడు వచ్చింది.

అడుగున సొమ్మసిల్లి పడి, ఆ చప్పుడుకి తెలివొచ్చిన కూలీని ప్రాణాలతోనే బయటికి తీశారు. ఆ కబురు విన్నాక గానీ నీలవేణి ఊపిరి పీల్చుకోలేదు.

కూర్మనాథం గారు డాష్ ఆర్ మళ్ళీ పెట్టి, రికార్డుని వెనక్కి జరిపి, కిందటిసారి ట్యాంకు కడిగిన రోజు దగ్గర ఆపారు. ఆనాడూ తెరంతా పచ్చగానే ఉంది. ఆనాడూ వాల్వు తిప్పమన్నది నీలవేణే. పచ్చటి అక్షరాల నడుమ ఒక వరుస ఖాళీగా ఉంది.

ఆయన లేచి, కీబోర్డుని ఆమె వైపు జరిపారు.

"ఇదీ ఖాళీయేనేమో అమ్మా. నువ్వే చూసి చెప్పు."