పోలినాయుడు నోరు మూయించిన బ్రేకు

శృంగవరపుకోటలో అరకు రోడ్డు మొదట్లో పోలినాయుడు అనే మెకానిక్కు ఉండేవాడు. పనిమంతుడే గాని, "నాకు తెలీదు" అనే మాట మాత్రం చచ్చినా అతని నోటి వెంట వచ్చేది కాదు.

బండి ఎందుకు మూలుగుతోందో తెలిసినా తెలియకపోయినా, సాయంత్రానికల్లా ఆ మూలుగు ఆపి పంపేసేవాడు. తలుపు గడగడలాడితే సందులో గుడ్డముక్క దోపేవాడు. సీటు కిర్రుమంటే రెండు చుక్కలు నూనె పోసేవాడు. ఎక్కడ కీచుమన్నా గ్రీజే మందు. "నాయుడు చెయ్యి పడిందంటే బండి మళ్లీ నోరెత్తదు" అని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే పోలినాయుడుకి భోజనం చేసినంత తృప్తిగా ఉండేది. ఊళ్లో బళ్లు ఎంత దూరం తిరుగుతాయి కనక? సంత దాకా వెళ్లి వచ్చేస్తాయి. అందుకే అతని పేరుకి చాలా ఏళ్లు ఏ ఢోకా రాలేదు.

ఒకనాటి ఉదయం షెడ్డు ముందుకి ఎర్రటి పందెం కారు ఒకటి వచ్చింది. నేలకి జానెడు ఎత్తున, రెండే సీట్లతో ఉంది. అది ఆగేటప్పుడు వేసిన కేకకి వీధి వీధంతా చెవులు మూసుకుంది. ఎదురుగా టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకునే లేచి వచ్చారు.

అందులోంచి హేమలత అనే అమ్మాయి దిగింది. విశాఖపట్నం ఆమెది. ఆదివారం ఘాట్ రోడ్డు మీద జరిగే కార్ల పందేనికి సాధన చెయ్యడానికి వచ్చింది. రెండేళ్లుగా ఆ పందెం కోసమే కష్టపడుతోంది.

"నాయుడుగారూ, ముందు ఎడమ చక్రం దగ్గర బ్రేకు అరుస్తోంది. నిన్నటిదాకా లేదు. ఎందుకు అరుస్తోందో కాస్త చూసి చెప్పండి" అంది.

"సిటికెలో సూసేత్తానమ్మా. అలా కూకోండి" అన్నాడు పోలినాయుడు.

చక్రాలు ఊడదీశాడు. అలాంటి బ్రేకులు అతను ఎప్పుడూ చూడలేదు. కుడివైపు, చక్రాన్ని నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్ వెనకాల కాగితమంత పలచని రేకు ఒకటి ఉంది. ఎడమవైపు ఆ రేకు లేదు. ఉండాలా, ఉండక్కర్లేదా? పోలినాయుడుకి తెలియదు. హేమలత నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. కాని టీ గ్లాసులతో అంతమంది చూస్తుండగా, కూతురు వయసు పిల్లని పట్టుకుని "అమ్మా, ఇదేమిటి?" అని ఎలా అడుగుతాడు?

గ్రీజు డబ్బా అందుకున్నాడు. బేరింగులకి రాసే మామూలు గ్రీజు అది. వేలితో తీసి ఎడమ ప్యాడ్ వెనకాల, అంచుల వెంబడి దట్టంగా మెత్తాడు.

పక్క బడ్డీలో పంక్చర్లు వేసే గౌరీసు అది చూసి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "అన్నా, అది ఘాటీ ఎక్కి దిగే బండి. సెక్రం కాలిపోద్ది. గ్రీజు కరిగి ప్యాడ్ మీదకి జారితే బ్రేకు పడుద్దా?" అన్నాడు.

"ట్యూబులకి అతుకులేసుకునేవోడివి, నాకు నేర్పుతావేటి?" అన్నాడు పోలినాయుడు. గౌరీసు మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు.

చక్రాలు బిగించి, కారుని వీధి చివరిదాకా తిప్పి తెచ్చాడు. బ్రేకు కిక్కురుమనలేదు. టీ కొట్టు దగ్గర ఒకాయన "శభాష్ నాయుడూ!" అన్నాడు.

"ఎందుకు అరిచిందండీ?" అని అడిగింది హేమలత.

"దుమ్మమ్మా. ఒట్టి దుమ్ము. దులిపేసాను" అన్నాడు పోలినాయుడు.

హేమలత కారు లోంచి రెండో హెల్మెట్ తీసి అతని చేతిలో పెట్టింది. పోలినాయుడుకి అర్థం కాలేదు.

"మా నాన్నగారు పెట్టిన ఆచారమండీ ఇది. బ్రేకు మీద చెయ్యి వేసినవాళ్లు మొదటిసారి ఘాటీ దిగేటప్పుడు పక్క సీట్లో కూర్చోవాలి. మా వైజాగ్ మెకానిక్కు కూడా కూర్చుంటాడు. రండి" అంది నవ్వుతూ.

కడుపులో నొప్పి అందామనుకున్నాడు పోలినాయుడు. షెడ్డు వదిలి రాలేనందామనుకున్నాడు. కాని జనమంతా అతని వంకే చూస్తున్నారు. "ఎల్లు నాయుడూ, మా పాలికి నువ్వే ఇమానం ఎక్కినట్టు!" అని ఎవరో ఈలవేశారు. గౌరీసు ఒక్కడే నవ్వలేదు. పోలినాయుడు హెల్మెట్ తగిలించుకుని కూర్చున్నాడు.

ఘాటీ ఎక్కడం బాగానే జరిగింది. కారు ఒక్కో మలుపు దగ్గరా బ్రేకు పడి మందగించడం, మళ్లీ ఒక్క ఊపున పైకి లేవడం. ఎడమ పక్క లోయ, లోయ నిండా మంచు. హేమలత కాలు బ్రేకు మీద పడ్డప్పుడల్లా పోలినాయుడు కాలు కూడా ఉత్త నేలని తొక్కుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు అని ఆ తొక్కులు లెక్కపెట్టుకున్నాడు. ముప్పై దాటాక లెక్క తప్పింది.

పైన కొండ అంచున ఆగారు. హేమలత కాఫీ తెస్తానని వెళ్లింది. పోలినాయుడు గబగబా దిగి ఎడమ చక్రం దగ్గర వంగాడు. చువ్వల సందున వేడి మొహానికి కొట్టింది. చక్రం లోపలి అంచు మీద సన్నగా నల్లటి తడి మెరుస్తోంది. వేలు పెట్టి చూశాడు. జిడ్డు! కాలుతున్న జిడ్డు. గౌరీసు చెప్పినట్టే గ్రీజు కరిగి కారుతోంది.

వేలు లుంగీకి తుడుచుకున్నాడు. చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. చెబితే ఏమవుతుంది? కారు ఇక్కడే ఆగిపోతుంది. కింద నుంచి ఎవరో వస్తారు. నాయుడు చేసిన పని ఇదీ అని టీ కొట్టు దగ్గర ఏడాదిపాటు చెప్పుకుంటారు. చెప్పకపోతే? ఎక్కేటప్పుడు పట్టింది కదా, దిగేటప్పుడూ పడుతుందేమో. కాస్త జిడ్డే కదా, కాలి ఆవిరైపోతుందేమో. భయపడ్డవాడికి 'ఏమో' అనే మాట ఎంత తీపిగా ఉంటుందో! పోలినాయుడు దాన్నే పట్టుకుని వేలాడాడు.

హేమలత కాఫీ ఇస్తూ, "చక్రం చూస్తున్నట్టున్నారు. నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగింది.

అతను గ్లాసు అందుకున్నాడు. "ఏం నేదమ్మా" అన్నాడు.

దిగడం మొదలుపెట్టారు. ఇప్పుడు లోయ కుడిపక్కకి వచ్చింది. మొదటి మలుపు దగ్గర బ్రేకు పట్టింది. పోలినాయుడు ఊపిరి పీల్చుకున్నాడు. రెండో మలుపు దాటాక మాడు వాసన వచ్చింది, పోపు మాడినప్పటి కమురు వాసన.

"వాసన వస్తోందా?" అంది హేమలత.

"వత్తాదమ్మా, గట్టిగా తొక్కితే వత్తాది" అన్నాడు. ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది.

మూడో మలుపు దగ్గర కారు కొంచెం కుడికి లాగింది. హేమలత స్టీరింగు సర్దుకుంది. నాలుగో మలుపుకి ఇంకొంచెం లాగింది. ఎడమ చక్రం పట్టడం మానేసిందనీ, కుడి చక్రం ఒక్కటే పడుతోందనీ, అందుకే బండి లోయవైపు తిరుగుతోందనీ పోలినాయుడుకి స్పష్టంగా తెలుసు. ఆ కారులో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. ఇంట్లో భార్య పొద్దున్న కట్టి ఇచ్చిన క్యారియరు షెడ్డులో మేకుకి వేలాడుతున్న సంగతి ఎందుకో గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. అయినా నోరు తెరవలేదు. వచ్చే మలుపు దాటాక చెబుదాం అనుకున్నాడు.

వచ్చే మలుపు మంచులో ఉంది. మంచులోంచి నలుగురు ఆడవాళ్లు బయటపడ్డారు. నెత్తిన గంపలతో, లోయ పక్కన పిట్టగోడ వారగా సంతకి నడుస్తున్నారు.

హేమలత బలంగా బ్రేకు తొక్కింది. కీచుమని చిన్న చప్పుడైనా లేదు. కారు మెత్తగా జారుతూ కుడికి, సరిగ్గా ఆ నలుగురి మీదికే తిరిగింది. అందరికన్నా వెనకున్న ముసలామె ఇటు తిరిగి చూసింది. ఆమె కళ్లు పోలినాయుడుకి కనిపించాయి.

అప్పుడు పగిలింది అతని గొంతు.

"బ్రేకొగ్గీ అమ్మా! ఎడం సెక్రం పట్టదు! నానే గ్రీజెట్టినాను! తొక్కితే కుడికే లాగుద్ది! ఒగ్గేసి కొండకి రాసీ! కొండకి రాసీ!"

హేమలత మారు ప్రశ్న వెయ్యలేదు. బ్రేకు వదిలింది. చప్పున గేరు దించి స్టీరింగు ఎడమకి తిప్పేసింది. కారు ఆడవాళ్లకి మూరెడు దూరంలోంచి మళ్లి, రోడ్డు దాటి కాలువలో పడి, కొండరాళ్లని రాసుకుంటూ పోయింది. కారు పక్క రేకంతా చీరుకుపోయింది. అద్దం ఎగిరిపోయింది. పోలినాయుడు పక్క తలుపు లోపలికి నొక్కుకుపోయి అతని మోచెయ్యి పటుక్కుమంది. ఇరవై బారలు ఈడ్చుకుపోయి కారు ఆగింది.

ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.

హేమలత హెల్మెట్ తీసింది. తిడుతుందనుకున్నాడు పోలినాయుడు. కొడితే బాగుణ్ణనుకున్నాడు. ఆమె అతని వంక చూసి, "పైన అడిగాను కదండీ" అంది. అంతే.

పోలినాయుడు విరిగిన చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ ఆ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముసలామె గంప బోర్లాపడి అల్లం దుంపలు రోడ్డంతా దొర్లాయి. ఆమె పిట్టగోడ పట్టుకుని నిలబడింది. అతను ఒంటిచేత్తో దుంపలు ఏరి గంపలో వెయ్యసాగాడు.

"పొరపాటైపోనాది తల్లీ. సెమించు" అన్నాడు.

"అది కాదు బాబూ," అంది ముసలామె ఊపిరి కూడదీసుకుంటూ, "ఇంజను మోత కొండంతా తిరుగుతాది. ఎక్కే బండో, దిగే బండో మాకు తెలీదు. దిగే బళ్లకి మలుపులో బ్రేకు అరుత్తాది. ఆ అరుపు ఇంటే మేం గోడెక్కీసి నిలబడిపోతాం. మా అమ్మ కాలం నుంచీ అంతే. మీ బండి అరవనేదేటి బాబూ?"

పోలినాయుడు చేతిలోని అల్లం దుంప కింద పడిపోయింది. నాయుడు చెయ్యి పడితే బండి నోరెత్తదు. ఇన్నేళ్లూ అతన్ని మురిపించిన మాట ఇదే. ఆ మాట నలుగురి ప్రాణాలకి ఎంత దగ్గరగా వచ్చిందో ఆ మూరెడు రోడ్డు వంక చూస్తే తెలిసింది. అక్కడే రోడ్డు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హేమలత ఆ ఏడాది పందెంలో పాల్గొనలేకపోయింది. కారు లారీ మీద వైజాగ్ వెళ్లిపోయింది. పోలినాయుడు చేతికి కట్టు కట్టించుకుని తిన్నగా గౌరీసు బడ్డీకి వెళ్లాడు. టీ కొట్టు దగ్గర అంతమందీ ఉండగానే, "నువ్వు సెప్పిందే నిజం తమ్ముడూ. నాకు తెలీక గ్రీజెట్టీసినాను" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు.

కట్టు విప్పాక, విశాఖపట్నంలో హేమలత కారు చూసే మెకానిక్కు దగ్గరికి బస్సెక్కి వెళ్లాడు. ప్యాడ్ వెనక పలచని రేకు ఎందుకో అడిగి తెలుసుకున్నాడు. ప్యాడ్ అదిరి అరవకుండా ఆ రేకు కాస్తుందట. ఎడమవైపుది విరిగి ఎక్కడో పడిపోయిందట. పెట్టవలసింది గోరంత వెడల్పు రేకు ముక్క. ఆ సంగతి ఆ ఉదయం ఒక్క ప్రశ్నతో తెలిసి ఉండేది.

మరుసటి ఏడు అదే ఎర్రకారు మళ్లీ షెడ్డు ముందుకి వచ్చింది. ఈసారి కుడి చక్రం అరుస్తోంది. పోలినాయుడు చక్రం విప్పి చూశాడు, రేకు ఉంది, ప్యాడ్ బాగుంది.

"ఎందుకు అరుస్తోందండీ?" అని అడిగింది హేమలత.

"నాకు తెలీదమ్మా" అన్నాడు పోలినాయుడు. "తెలుసుకున్నాకే బిగిత్తాను. అందాకా అరవనీ."

మధ్యాహ్నం దాకా వెతికి, చక్రంతో పాటు తిరిగే డిస్కు వెనక ఇరుక్కున్న చిన్న గులకరాయి తీశాడు. తరవాత ఆమె చెప్పకముందే రెండో హెల్మెట్ తనే అడిగి పుచ్చుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో బ్రేకు మీద చెయ్యి వేసినవాడే మొదటిసారి ఆ బండిలో ఘాటీ దిగాలి. నేటికీ అక్కడ అదే ఆచారం.

పిల్లలూ, తెలియని సంగతిని తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, హెచ్చరించే గొంతుని నొక్కేస్తే ప్రమాదం పోదు. చప్పుడు చెయ్యకుండా మీదికి వస్తుంది.