ఎవరికీ చెప్పకూడని మందు

ఎండలు ముదిరితే మెట్టలో గడ్డిపరక మిగలదు. అందుకే ఏటా గురవయ్య తన మందను ఏటి ఒడ్డుకు తోలుకుపోతాడు. పదకొండు రోజుల నడక. ముందు మేకపోతు, మెడలో గంటతో. వెనక కాపలాగా పెద్ద పొట్టేలు, మెలితిరిగిన కొమ్ములతో. మధ్యలో నూటయాభై గొర్రెలు.

మంద వెనకాల, కనపడీ కనపడకుండా ఒక నక్క. మంద నడిస్తే అదీ నడుస్తుంది. ఎందుకు నడుస్తుందో గొర్రెలన్నిటికీ తెలుసు. ఎవరూ నోరెత్తి అనరు.

ఎవరూ అననిది ఇంకొకటి ఉంది. దారిలో గురువారం సంత. నడవలేని గొర్రె ఆ సంత దాటదు.

కర్రెమ్మకు ఈ రెండు భయాలూ కంటిమీద కునుకు లేకుండా చేశాయి. నల్లటి గొర్రె, ఆరు ఈతలు ఈనింది. చేతికి దక్కింది ఒక్క పిల్ల, ఇరవై రోజులది. ముందు మోకాళ్ళు రెండూ వాచాయి. తెల్లారేసరికి కీళ్ళు కొయ్యబారిపోయేవి. అందరికంటే ముందే లేచి, కంపదడి వారగా నాలుగడుగులు వేసి, కాళ్ళు సాగాక ఏమీ ఎరగనట్టు మందలో కలిసేది.

మూడో మజిలీలో, గురవయ్యా అతని కుక్కా నీళ్ళకు వెళ్ళిన వేళ, దడి అవతల గొంతు వినపడింది.

"కాళ్ళా, అక్కా?"

కంప సందులో నక్క మూతి. కర్రెమ్మ పిల్లని పొట్ట కిందకి లాక్కుంది. "దగ్గరికి రాకు. అరుస్తాను."

"అరువు. గురవయ్య వస్తాడు. నన్ను తరుముతాడు. ఆ తర్వాత నీ మోకాళ్ళు చూస్తాడు. సంత ఇంకెన్ని రోజులక్కా?"

కర్రెమ్మ అరవలేదు.

నక్క దడి సందులోంచి మోదుగాకు పొట్లం తోసింది. "ఎండ్రకాయ చిప్పలు, ఎముక కొసన ఉండే మెత్తటి ఎముక. ఎండబెట్టి నూరాను. కీలు అరిగితే కీలే తినాలి."

"ఎవరి కీలు?"

"మందుకి వంశం అడుగుతారా ఎవరైనా!"

"పనిచేస్తుందా?"

"కొండకింద కుందేలుకి చేసింది. అడివిపందికి చేసింది. చెయ్యలేదని ఇంతవరకూ ఒక్కరూ నా దగ్గరికి తిరిగొచ్చింది లేదు."

"నువ్వు నక్కవి."

"గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందని ఊరంతా అంటారు. నన్ను నమ్మడానికే వచ్చిందా కష్టం?" నక్క గొంతు తగ్గించింది. "ఒకటే నియమం. ఇది నాటుమందు. ఎవరికైనా చెప్పావో, పారదు."

ప్రాణం మీదికొస్తే పొట్లం కట్టినవాడల్లా వైద్యుడే. కర్రెమ్మ పొడి నాకింది. సున్నం నాకినట్టుంది.

మొదటిరోజు ఏమీ లేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు తెల్లారి లేస్తే మోకాళ్ళు తేలిగ్గా వంగాయి! పిల్ల వెంట పరుగెత్తబోయింది కూడా.

"ఏంది వదినా, ఇవాళ హుషారు?" అన్నాడు మేకపోతు.

నోటిదాకా వచ్చింది మాట. మింగేసింది. "ఏం లేదులే మరిదీ."

ఆ సాయంత్రం నక్క మళ్ళీ దడి దగ్గరికొచ్చింది.

"తగ్గిందా?"

"తగ్గింది సామీ, నీ చలవ."

"తగ్గడం కాదు, నిలవాలి. దానికి పత్యం ఉంది. రేపు పొద్దున మంద వాగు దాటుతుంది కదా. నువ్వు రెల్లులో పడుకో. కాలు కదపకు. ఎండెక్కాక లేచి రా. కొత్త కాళ్ళతో మందను అందుకుంటావు."

"నా పిల్లో?"

"వెంటే ఉంచుకో. పాలు కట్టుకుంటే మందు విరిగిపోతుంది."

కర్రెమ్మ పిల్లవంక చూసింది. అయినా వాగు దాటిన మర్నాడే గురువారం సంత. పొడి అబద్ధం చెప్పలేదు కదా. పత్యం మాత్రం ఎందుకు చెబుతుంది?

తెల్లారింది. గురవయ్యా కుక్కా ముందుగా వాగులో దిగారు. గంట మోగింది. మంద కదిలింది. కర్రెమ్మ పిల్లతో రెల్లులోకి తప్పుకుని పడుకుంది. కళ్ళ ముందు కాళ్ళు, కాళ్ళు, దుమ్ము. గంట చప్పుడు దూరమైపోతోంది. ఒక్కసారి లేచి పరుగెత్తాలనిపించింది. పళ్ళు బిగబట్టింది. కదిలితే మందు పోతుంది. మందు పోతే సంత.

ఎప్పుడూ అందరికంటే వెనక నడిచే పొట్టేలు, ఆ రోజు మంద నడుమ తోసుకుంటూ ముందుకు పోతోంది. తల తిప్పడం లేదు. మూతి నిండా తెల్లటి పొడి.

కర్రెమ్మ రెల్లులోంచి తలెత్తింది.

"మామా! నీ మూతికి ఆ తెలుపేంది?"

"మాట్లాడించకే! పారదు!" పొట్టేలు నడక పెంచింది.

"నీకూ మోకాళ్ళా?"

"నోర్ముయ్యి! నలుగురూ వింటే నా కొమ్ములకి విలువేముంది?"

"నీకేం పత్యం చెప్పాడు మామా?"

"వాగు దాటేదాకా ముందు నడవాలి. వెనక్కి తిరగకూడదు."

"నన్ను వెనకే ఉండమన్నాడు. పిల్లతో."

పొట్టేలు ఆగింది. రెల్లు గాలి లేకుండానే కదిలింది.

కర్రెమ్మ అరిచింది. మోకాళ్ళు, సంత, మందు, నక్క, పత్యం, నాలుగురోజులు మింగిన మాటలన్నీ ఒక్క అరుపులో కక్కేసింది. పిల్లని కిందికి తోసి మీద పడుకుంది. తోక దగ్గర నక్క పళ్ళు దిగాయి. తన తోకో, పిల్ల తోకో తెలియలేదు. అంతలో పొట్టేలు కొమ్ములు వచ్చి తగిలాయి. నక్క గిరాటు కొట్టినట్టు వాగు రాళ్ళ మీద పడింది. కుక్క మొరుగుతూ వచ్చేసరికి, మూడు కాళ్ళ మీద అవతలి గట్టెక్కుతోంది.

గట్టుమీద కాకి చూసి నవ్వింది. "బావా, తుంటి పోయినట్టుంది! పొడి ఉందిగా, ఓ పొట్లం వేసుకో!"

"నాకెందుకే ఆ చెత్త!" అని పళ్ళు నూరుకుంది నక్క. పదిమందీ విన్నారు. ఆ ఏడు మరి ఆ మంద వెనక నడవలేదు.

పిల్ల బతికింది. కాటు తల్లి తోకకు పడింది.

గురవయ్య పరుగున వచ్చాడు. రెల్లులో పడుకున్నంతసేపట్లో మోకాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి, కర్రెమ్మ కుంటు ఇక దాగలేదు. వంగి మోకాళ్ళు తడిమాడు. ఆమె ఇంక సంతే అనుకుంది.

"ఇంత వాపుతో ఇన్నాళ్ళు నడిచావే తల్లీ," అన్నాడతను. పిల్లని భుజానికెత్తుకున్నాడు. మజిలీలో ఆముదం వెచ్చజేసి మర్దనా చేశాడు. మర్నాటినుంచి కుంటేవాటిని మందకంటే ముందే, చల్లటి పూట మెల్లగా బయల్దేరదీశాడు. ఆ ముందుగుంపులోనే కర్రెమ్మ గురువారం సంత పక్కనుంచి నడిచిపోయింది, తలెత్తకుండా, ఒక్కో అడుగే.

"మరి మూడోరోజు తగ్గింది కదా మరిదీ?" అంది ఓనాడు మేకపోతుతో.

"మందు తింటే తగ్గిందా వదినా, తగ్గే రోజుకి మందు తిని ఉన్నావా? కీళ్ళనొప్పి ఒకరోజు పోతుంది, ఒకరోజు వస్తుంది. పోయిన రోజు ఎవడు పక్కనుంటే వాడే వైద్యుడు."

"నాకు మాత్రం నిజంగానే తగ్గింది," అని గొణిగింది పొట్టేలు.

"తగ్గితే మంచిదే మామా. నడక మాత్రం మానకు."

కర్రెమ్మ మోకాళ్ళు ఇప్పటికీ తెల్లారి బిగుసుకుంటాయి. పక్కవాళ్ళని లేపి మరీ చెబుతుంది.

నీతి: ఎవరికీ చెప్పొద్దని ఇచ్చిన మందును, నోట్లో వేసుకునే ముందే పదిమందికీ చెప్పు.