లేని కొట్టు ముందు డబ్బాల వరస

పూర్ణానందయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కారు, చెప్పులు వేసుకునేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. అందుకే ఆయన బాపట్ల ఆశ్రమంలో శిష్యులందరికీ అరికాళ్ళు గట్టిపడ్డాయి. బుర్రల సంగతి నేను చెప్పలేను.

ఆ శిష్యుల్లో ఉమాపతి ఒకడు. వేటపాలెంలో వాళ్ళమ్మ పెట్టిన కట్టెగానుగ నడుపుతున్నాడు. అక్కడ ఒక పద్ధతుంది. నూనెకి వచ్చినవాళ్ళు తమ డబ్బా మెడకి గుర్తుగా గుడ్డపీలిక కట్టి, వరసలో పెట్టి వెళ్ళిపోతారు. మనిషి లేకపోయినా డబ్బా వంతు కాస్తుంది. తల్లి పోయాక ఉమాపతి ఇంటర్నెట్‌లో కూడా అమ్మకం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం అతను ఏడుపు మొహంతో వచ్చాడు.

"గురువుగారూ, సెర్చ్ ఇంజిన్ మాటలు చూస్తుందంటే పేజీ నిండా గానుగ నూనె, గానుగ నూనె అని నింపాను. దగ్గర్లో ఉన్న కొట్టునే ముందు చూపిస్తుందంటే, ఊరూరా మా కొట్టున్నట్టు మ్యాపులో గుర్తులు పెట్టాను. కొన్నవాళ్ళ అనుభవాలు చూస్తుందన్నారు, అవీ నేనే కూర్చుని రాశాను. మొన్న మళ్ళీ పద్ధతి మార్చింది. ఇప్పుడు ఎంత వెతికినా వేటపాలెం కొట్టు కనపడదు. ఆర్డర్లు ఆగిపోయాయి. ఇలాగే ఉంటే దసరాకల్లా అమ్మ గానుగ విప్పి అమ్మెయ్యాలి. అసలు దానికేం కావాలండీ? ఏం చేస్తే కనపడతాను?"

గురువుగారు అతని ఫోను తీసుకుని చూశారు. "కనపడటం లేదంటావేం? చినగంజాం కొట్టు కనపడుతోందిగా."

"అది లేదండీ. ఉప్పు మడుల అవతల ఖాళీ జాగాలో ఊరికే గుర్తు పెట్టాను."

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

బస్సు దిగి ఉప్పు మడుల గట్టు మీద నడుస్తుంటే ఎండ వాలింది. ఉమాపతిని మొదట భయపెట్టింది కాలిబాట. ఎవరికీ పనిలేని ఆ చవిటినేలలో, తొక్కి తొక్కి నున్నబడ్డ బాట ఒకటి తిన్నగా లోపలికి పోతోంది. "మీరు గమ్యం చేరుకున్నారు" అంది ఫోనులోని ఆడగొంతు. బాట సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

కొట్టు లేదు, గోడ లేదు, కనీసం పాతిన రాట కూడా లేదు. డబ్బాలున్నాయి. ఒకదాని వెనక ఒకటి, మెడలకి గుడ్డపీలికలతో, అచ్చం అమ్మ గానుగ ముందు పెట్టినట్టే. ముందున్నవి తుప్పుపట్టాయి, వెనకవి కొత్తవి. గాలి వాటి మూతుల్లో దూరి, ఎవరో చెప్పే కథకి ఊ కొడుతున్నట్టు మోగుతోంది.

ఇంతలో ఒక ముసలమ్మ వచ్చి తన డబ్బాని వరస చివర పెట్టింది.

"ఎవరి కోసం అమ్మా?" అన్నాడు ఉమాపతి.

"నూనె పోసే అమ్మ కోసం. చంటిదానికి ఒళ్ళు రుద్దాల. పొద్దుగూకినాక వస్తదంట, మా మనవరాలు ఫోన్లో చదివింది." ఆమె కళ్ళు మూసుకుని పాఠంలా అప్పజెప్పింది. "వరసలో డబ్బా పెట్టి నిశ్చింతగా ఉండండి. పోసేటప్పుడు అమ్మ చెయ్యి వణకదు."

ఆ వాక్యాలు ఉమాపతి రాసినవే. నిజానికి ఆఖరి రోజుల్లో అమ్మ చెయ్యి వణికేది. ఒలికిన నూనెని ఎవరూ చూడకుండా పమిటతో తుడిచేసేది. అది గుర్తొచ్చి అతనికి దుఃఖం ఆగలేదు.

"ఆవిడ రాదమ్మా. పోయి చాలా కాలమైంది. ఈ కొట్టు నాదే. ఆ డబ్బా ఇటివ్వు, రేపు నింపి తెస్తాను."

ముసలమ్మ డబ్బాని తీసి గుండెకి అదుముకుంది. "నీదా? నిన్ను ఈడ ఎవరూ చూడలా. ఆవిడనైతే చూశామన్నోళ్ళు బోలెడుమంది."

"మాది వేటపాలెం. అక్కడ గానుగ ఉంది, వచ్చి చూడు."

"వేటపాలెంలో అట్టాంటి కొట్టే లేదంట. మా పిల్ల వెతికింది."

పొద్దు కుంగింది. గాలి ఆగలేదు కానీ డబ్బాల మోత ఆగిపోయింది. ముసలమ్మ తలెత్తి వరస మొదటికేసి చూసింది. వరస ఒక డబ్బా మేర ముందుకి జరిగి ఉంది. అలా ఖాళీ అయిన చోట ఆమె తన డబ్బాని పెట్టుకుంది.

ఉమాపతి గురువుగారి వైపు తిరిగాడు. "గురువుగారూ, నేనున్నానని ఈవిడకెలా చెప్పను?"

"వరసలో నిలబడు నాయనా," అన్నారు పూర్ణానందయ్యగారు. "ఆవిడ వెనకాల."