పేష్కారు గారి అరుగు మీద రాజుగారి సొత్తు

కోటలో మిగిలిన ఎంగిలాకులూ ఏనుగుల లద్దెలూ గోడ మీంచి విసిరితే, కింద ఉన్న సవర గూడెంలో పడేవి. ఆ కంపుకి జబ్బు చేస్తుందని గూడెంలోని సోంబారి అనే తల్లి తన ఇద్దరు పిల్లల్నీ దూరాన అన్న ఇంట్లో ఉంచి, రోజూ బెంగపడేది. చివరికి కొంగు బిగించి గుంటలు తవ్వింది. చెత్త మీద మట్టి, మట్టి మీద చెత్త వేసి కుళ్లబెట్టడం గూడెమంతటికీ నేర్పింది. కంపు పోయింది, నల్లటి ఎరువు వచ్చింది. అది అమ్మితే వానాకాలానికి గింజలొస్తాయి, పిల్లలూ ఇంటికొస్తారు.

అప్పుడు దిగాడు కోట వ్యవహారాలు చూసే పేష్కారు గజపతయ్య, పల్లకీలో.

"చెత్త రాజుగారిది. ఎరువూ రాజుగారిదే. అమ్మారంటే తోలు ఒలిపిస్తా!"

"తెలీక ముట్టుకున్నాం దొరా," అని సోంబారి లెంపలు వేసుకుంది.

మర్నాడు పేష్కారు తలుపు తీసేసరికి గూడెమంతా ఆయన అరుగు మీద పచ్చి చెత్త గుమ్మరిస్తోంది.

"ఏమిటే ఈ అఘాయిత్యం? నేనడిగింది ఎరువు!"

"ఇదే కదా దొరా ఎరువయ్యేది! రాజుగారి సొత్తు మా గుమ్మాల్లో ఉంటే దొంగలంటారు. ఆర్నెల్లు తమరి అరుగు మీదే మురగనివ్వండి. రేపటిదీ తెస్తాం," అంది సోంబారి.

లోపల్నుంచి పేష్కారు భార్య కేకేసింది. "ఆ పెంటైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

"గూడెంలో పడ్డది గూడేనిదే! రాజుగారికేం సంబంధం? ఎత్తండి!" అని గజపతయ్య వీధంతా వినేలా అరిచాడు.

"ఇంకాస్త గట్టిగా దొరా, కోటలోకి వినబడాలి."

ముక్కు మూసుకునే మళ్లీ అరిచాడు.

సోంబారి బుట్ట పక్కవాళ్లకి అప్పగించి, అటునుంచి అటే పిల్లల కోసం అన్న ఇంటి దారి పట్టింది.