మోగని సొరకాయ బుర్ర

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్టు నీడలో ఒక బడి ఉండేది. ఏనుగు పంతులమ్మ అక్కడ పాఠాలు చెప్పేది. చెట్టు కొమ్మకు తీగతో ఒక ఎండు సొరకాయ బుర్ర కట్టి ఉండేది. ఊపితే లోపలి గింజలు గలగలమనేవి. అదే వాళ్ళ బడిగంట. నిన్న బుద్ధిగా ఉన్నవాళ్ళ చేత ఈరోజు గంట మోగించడం పంతులమ్మకు అలవాటు.

ఉడుత పిల్ల చిటుకు ప్రాణమంతా ఆ బుర్ర మీదే. ఒక్కసారి తను ఊపితే అడవంతా వినాలని దాని ఆశ. పంతులమ్మ మాత్రం ఎప్పుడు చూసినా కుందేలు పిల్ల దూదినే పిలిచేది.

సోమవారం చిటుకు అందరికంటే ముందు జవాబు చెప్పింది. పంతులమ్మ అడిగింది ఎలుక పిల్లని అనుకోండి. మంగళవారం వాగు దగ్గర నీళ్ళ వరుసలో అందరికంటే ముందు నిలబడింది. తోసుకుంటూ వెళ్ళిందనుకోండి. బుధవారం తాబేలు పిల్ల నింపాది పద్యం మధ్యలో మరిచిపోతే, పకపకా నవ్వి మిగతాది గడగడా అప్పజెప్పేసింది. ఇంత తెలివి చూపించినా గంట దూదికే దక్కింది.

చిటుకు కడుపు మండిపోయింది. దూది తెల్లగా ఉంటుందని పంతులమ్మకు ముద్దు అనుకుంది. దూది గంట మోగిస్తుంటే చెవులు మూసుకుంది. దూది ఇచ్చిన రేగుపండు కూడా దానికి చేదుగానే ఉంది.

గురువారం మధ్యాహ్నం అందరూ తింటుండగా చిటుకు మెల్లగా కొమ్మెక్కి బుర్ర అడుగున కొరికింది. గింజలన్నీ గడ్డిలో రాలిపోయాయి. రేపు దూది ఎలా మోగిస్తుందో చూస్తానని గొణుక్కుంది.

ఆ సాయంత్రం వాగు దగ్గర నింపాది జారి వెల్లకిలా పడ్డాడు. అప్పుడే నీళ్ళ వరుసలో చిటుకు వంతు వచ్చింది. ఏం తోచిందో ఏమో, వంతు వదిలేసి పరుగెత్తి, రొప్పుతూ వాణ్ణి తిప్పి నిలబెట్టింది. గంట సంగతే దానికి గుర్తు రాలేదు.

మర్నాడు పంతులమ్మ, "చిటుకూ, ఈరోజు గంట నీదమ్మా" అంది.

చిటుకు ఎగిరి గంతేసింది. అంతలోనే తను బుర్ర కొరికిన సంగతి గుర్తొచ్చింది. వెళ్ళి బుర్ర ఊపింది. చప్పుడు లేదు.

పిల్లలందరూ దూది వైపు చూశారు. నిన్న బుర్రను ముట్టుకున్నది దూదే కదా. దూదికి కళ్ళనీళ్ళు తిరిగాయి. చిటుకు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నోరు మెదపకపోతే చాలు, దూదికి ఇక గంట దక్కదు. తను కోరుకున్నదీ అదే. కానీ ఆ ఏడుపు చూడలేకపోయింది.

"దూది కాదు పంతులమ్మా, నేనే కొరికాను. నాకు దక్కలేదని కుళ్ళుకున్నాను."

పంతులమ్మ కేకలేయలేదు. "నింపాదిని లేపిందీ నువ్వే, బుర్ర కొరికిందీ నువ్వే. రేపు ఏ చిటుకు బడికి రావాలో నువ్వే తేల్చుకో" అంది. కొత్త సొరకాయ ఎండేదాకా ఇంటింటికీ వెళ్ళి అందర్నీ బడికి పిలవడం చిటుకు పని అని చెప్పింది.

రోజూ పొద్దున్నే చిటుకు ప్రతి పొదకీ, ప్రతి పుట్టకీ తిరిగింది. మొదటి రోజే దూది తోడు వచ్చింది, ఎవరూ అడక్కుండానే.

కొత్త బుర్ర కట్టిన రోజు పంతులమ్మ నింపాదిని పిలిచింది. వాడికి అది అందలేదు. చిటుకు కొమ్మెక్కి, తీగను కిందికి దించి పట్టుకుంది. నింపాది ఊపాడు. అడవంతా గలగలమంది.

నీతి: పక్కవాళ్ళకు దక్కుతుందని పాడుచేస్తే, మనకు దక్కాల్సిందీ పాడవుతుంది. చేసిన తప్పు ఒప్పుకుంటే, పోయిన మంచితనం తిరిగి వస్తుంది.